చీకులు తినవచ్చునా? – ఒక వైద్యుని మాట

గత మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం మా వీధి పెద్దలు నలుగురు మా ఇంటికి వచ్చారు. వారి చేతిలో పురపాలక సంఘానికి వ్రాసిన అర్జీ ఒకటి ఉన్నది. చిలకలూరిపేటలో సాయంకాలమైతే చాలు, వీధి మలుపులలో చీకుల బండ్లు నిలుస్తాయన్న సంగతి ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మా వీధి మలుపులోనూ ఒక బండి ఉన్నది. దానిని అక్కడి నుంచి తొలగించవలసిందిగా కోరుతూ వ్రాసిన ఆ అర్జీ మీద అప్పటికే పన్నెండు సంతకాలున్నాయి. పదమూడవది నాది కావాలన్నారు. ఉత్త సంతకం కాదు. "నిప్పుల మీద కాల్చిన మాంసం ఆయుర్వేద శాస్త్రం ప్రకారం విషతుల్యమని వైద్యులుగా మీరొక రెండు వాక్యాలు వ్రాయండి. మీ మాటకు విలువ ఉంటుంది" అన్నారు.

నేను పుట్టుకతో శాకాహారిని. అరవై ఏళ్ళు దాటిన ఈ వయస్సు వరకు మాంసం రుచి ఎరుగను. ఆ బండి వాసన మా వసారాలోకి వచ్చినప్పుడు మా ఇంట్లో కిటికీలు మూయటం నిత్యకృత్యమే. కనుక నేను ఆనందంగా సంతకం చేస్తానని వారు అనుకోవటంలో తప్పు లేదు. కాని చేయలేదు. వారిలో ఒకరు ఆనాటి నుంచి నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. ఎందుకు చేయలేదో ఆ రోజు నిలబడి చెప్పగలిగినంత క్లుప్తంగా లేదు. అందుకే ఇక్కడ వ్రాస్తున్నాను.

విషతుల్యమని శాస్త్రం చెప్పలేదు. అసలు చెప్పినది దానికి చాలా దూరంగా ఉన్నది. ఇనుప శలాకకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన మాంసానికి మన గ్రంథాలలో శూల్యమని పేరు. శూలానికి గుచ్చినది గనుక శూల్యం. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో ఋతుచర్య చెబుతూ, వసంత ఋతువులో పాతబడిన యవలు, గోధుమలు, తేనెలతో పాటు జాంగల జంతువుల శూల్య మాంసాన్ని పథ్యాహారంగా పేర్కొన్నాడు. శిశిరంలో పేరుకున్న కఫం వసంతంలో సూర్యతాపానికి కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుంది. అటువంటప్పుడు పులుసు పెట్టిన మాంసం కంటే నిప్పు మీద ఆరిన మాంసం మేలని ఆయన తాత్పర్యం. సుశ్రుత సంహితలో అన్నపాన విధి చెప్పిన అధ్యాయంలోనూ శలాకకు గుచ్చి నిప్పుల మీద పక్వం చేసిన మాంసం ప్రసక్తి ఉన్నది. అది కొంచెం గురువు, అంటే అరగటానికి కాస్త బరువైనదని అక్కడి తీర్పు. 16వ శతాబ్దంలో భావప్రకాశం రచించిన భావమిశ్రుడు ఇందుకు భిన్నంగా అది లఘువైనదని, అగ్నిదీపనమని, కఫవాతాలను హరిస్తుందని, బలకరమని, అయితే పిత్తాన్ని కొద్దిగా పెంచుతుందని వ్రాశాడు. పెద్దలిద్దరి మధ్య ఉన్న ఈ తేడాను దాచి ఒకరి మాటే చెప్పటం వైద్యుడికి తగదు. నా అనుభవంలో కొవ్వు తీసిన లేత మేక మాంసం విషయంలో భావమిశ్రుని మాట, కొవ్వు పట్టిన ముదురు మాంసం విషయంలో సుశ్రుతుని మాట నిజమవుతున్నాయి.

వైద్య గ్రంథాలు అటుంచితే, 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు సోమేశ్వరుడు కూర్పించిన మానసోల్లాసంలోని రాజభోజన ప్రకరణంలోనూ నిప్పుల మీద కాల్చే మాంసపు వంటకాలు కనిపిస్తాయి. చీకు అన్న పేరు మాత్రం సంస్కృతంలోనిది కాదు. ఇనుప చువ్వకు పారసీకంలో సీఖ్ అని పేరు; ఉర్దూ మీదుగా అది మన నోట చీకు అయింది. మాకు కూతవేటు దూరంలోని కొండవీడు 16వ శతాబ్దం చివర గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలోకి వెళ్ళి ముర్తజానగరం అనిపించుకున్నది. ఆ పేరు మా ప్రాంతంలోకి వచ్చిన దారి అటువంటిదే అయి ఉంటుంది. పేరు తురకదని వంటను పరాయిది అనుకోవటం పొరపాటు. అర్జీ తెచ్చిన పెద్దలలో ఒకరు "ఇది మన ఆహారం కాదు గదా" అన్నారు. ఎండు మిరపకాయ కూడా మన గ్రంథాలలో లేదండీ, పోర్చుగీసు వారు తెచ్చినది అన్నాను. గుంటూరు సీమలో కూర్చుని మిరపకాయ పరాయిదని ఎవరనగలరు? ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఇక సంతకం చేయకపోవటానికి అసలు కారణం. అది నా తప్పుకు సంబంధించినది.

1985 ప్రాంతంలో, గురుకులవాసం ముగించి కొత్తగా వైద్యం ఆరంభించిన రోజులలో, ప్రత్తి మిల్లులో పనిచేసే కార్మికుడొకడు క్షయతో నా వద్దకు వచ్చాడు. ప్రభుత్వ ఆసుపత్రి మందులు వాడుతున్నాడు. అవి మానవద్దని చెప్పి, దగ్గుకు సితోపలాది చూర్ణం ఇచ్చాను. అంతవరకు బాగానే చేశాను. వెళ్ళబోతూ అతను, "అయ్యా, వారానికి రెండు రోజులు సాయంత్రం నాలుగు చీకులు తింటాను. అదొక్కటే నోటికి సయిస్తోంది. తినవచ్చా?" అని అడిగాడు. నేను శాస్త్రం తలచుకోలేదు. నా వంటిల్లు తలచుకున్నాను. మాంసం పేరే ఎత్తవద్దని, సాత్త్వికాహారం తీసుకొమ్మని గట్టిగా మందలించి పంపాను. పాపం, నా మాట వేదవాక్కుగా పాటించాడు. పాలు కొనే స్తోమత లేదు, పప్పు రోజూ వండే ఇల్లు కాదు. గంజి, పచ్చడి మెతుకులతో రెండు నెలలు గడిపాడు. మళ్ళీ వచ్చేటప్పటికి చొక్కా భుజాల మీద నిలవటం లేదు.

ఆ రోజు మా గురువుగారు మా ఊరు వచ్చి ఉన్నారు. ఆయన నిత్యాగ్నిహోత్రం చేసిన మనిషి. వెల్లుల్లి సైతం ఇంట్లోకి రానివ్వని నిష్ఠ. నాడి చూసి, ఆహారం అడిగి, సంగతి తెలుసుకొన్నాక నా వైపు తిరిగి, "ఇతనికి మాంసం మానమని ఏ తంత్రంలో చదివావు?" అన్నారు. నేను మాట్లాడలేదు. "నీ నాలుకకు పనికిరాదు, సరే. రోగి నాలుక నీది కాదు గదా!" అన్నారు. చరక సంహితలో రాజయక్ష్మ చికిత్స తీసి చదవమన్నారు. పిప్పళ్ళు, యవలు, ఉలవలు, శొంఠి, దానిమ్మ, ఉసిరికలతో సిద్ధం చేసిన మేక మాంసరసం అక్కడ ఉన్నది. అంతకంటె ఆశ్చర్యకరమైన మాట కూడా ఉన్నది: రోగికి అసహ్యం కలగకుండా కాకి మాంసాన్ని తిత్తిరి పక్షి మాంసమని చెప్పి పెట్టమంటాడు చరకుడు. రోగి శరీరంలో మాంసధాతువు క్షీణిస్తుంటే, దానిని నిలపటానికి ఆ మహర్షి ఎంత దూరం వెళ్ళాడో చూడండి. నేనేమో పదేళ్ళ నాడు కంఠస్థం చేసిన గ్రంథాన్ని వదిలి నా ఇష్టాయిష్టాలను పథ్యమని వ్రాసి ఇచ్చాను.

గురువుగారు అతనికి మొదట పలుచని మాంసరసం, అరుగుదల కుదిరాక మెత్తగా ఉడికిన మాంసం, ఆపైన అతను కోరిన చీకులు, అదీ మాడినవి కాకుండా, క్రమంగా ఇప్పించారు. ఆసుపత్రి మందులు పూర్తి కాలం వాడాడు. కోలుకున్నాడు. అయితే ఆ రెండు నెలలు అతని శరీరం నుంచి నేను తీసుకున్న అప్పు. తీర్చే దారి లేదు. మళ్ళీ నా సంతకంతో అటువంటి మాటే వ్రాయమంటే చేయి ఎలా వస్తుంది?

అలాగని ఆ పన్నెండు మందిదీ వట్టి చాదస్తమని నేననటం లేదు. బండికి ఎదురింటి వారి మనుమడికి ఉబ్బసం ఉన్నది. సాయంత్రం పొగ మొదలు కాగానే ఆ బిడ్డ ఆయాసపడటం నేను కళ్ళారా చూశాను. వారి సంతకం అర్జీ మీద మొట్టమొదటిది. ఆ తల్లి బాధ ముందు నా శ్లోకాలు ఎందుకు పనికివస్తాయి?

ఇక్కడే భావమిశ్రుడు అక్కరకు వస్తాడు. శూల్యం వండే విధానం చెబుతూ ఆయన ఒక షరతు పెట్టాడు. కాలేయం మొదలైన మాంసఖండాలను శలాకకు గుచ్చి, ఉప్పు కలిపిన నెయ్యి పట్టించి, నిర్ధూమమైన నిప్పు మీద పక్వం చేయాలి. అంటే పొగ లేని నిప్పు. విద్యార్థి దశలో ఈ మాటను నేను విశేషణంగా చదివి దాటిపోయాను. ఇప్పుడు చూస్తే మొత్తం విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. బండి మీది పొగ బొగ్గు నుంచి వచ్చేది కొంత మాత్రమే. మాంసంలోని కొవ్వు కరిగి చుక్కలుగా నిప్పుల మీద పడి భగ్గుమంటుంది. ఆ దట్టమైన పొగ తిరిగి మాంసానికే పడుతుంది. ఆధునిక శాస్త్రజ్ఞులు ఆ పొగలో పాలిసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే పదార్థాలున్నాయని, మాంసం అధిక వేడికి నల్లగా మాడినప్పుడు హెటిరోసైక్లిక్ అమైన్లనే మరొక జాతి పదార్థాలు పుడతాయని కనుగొన్నారు. ఈ రెండు జాతులలోనూ క్యాన్సర్ కారకాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 అక్టోబరులో మేక, గొర్రె, పశు మాంసాల వంటి ఎర్ర మాంసాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న వాటి జాబితాలో చేర్చింది కూడా. ఇది తెలిసి కూడా రోజూ తినమని చెప్పే వైద్యుడు ఉండడు. అయితే ఏనాడో ఒకనాడు నాలుగు ముక్కలు తినటం వేరు, రోజూ రాత్రి బండి దగ్గర నిలబడటం వేరు. మాత్రను బట్టే ఆహారం ఔషధమో అపకారమో అవుతుందని మన వారికి చెప్పాలా!

రెండవ దోషం రంగు. మా చిన్ననాడు చీకులు గోధుమవన్నెలో ఉండేవని మా స్నేహితులు చెబుతారు. ఇప్పుడు కొన్ని చోట్ల చూడండి, కుంకుమ పూసినట్టుంటాయి. ఏ మిరపకాయా అంత ఎరుపు ఇవ్వదు. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో కబాబులలో కృత్రిమ రంగులు కలపటాన్ని నిషేధించింది. అక్కడి పరీక్షలలో సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్ అనే రంగులు బయటపడ్డాయి. వేళ్ళకు అంటి సబ్బుతో కడిగినా పోని ఎరుపు కనిపిస్తే ఆ బండి దగ్గర ఇక ఆగవద్దు.

మూడవది సహవాస దోషం. ప్రాచీనులు శూల్యాన్ని మద్యానికి ఉపదంశంగా, అంటే నంజుగా వాడిన మాట నిజమే. గ్రంథాలలో ఉన్నదాన్ని లేదనను. కాని మద్యం దుకాణం పక్కన రాత్రి పది గంటలకు ఖాళీ కడుపుతో త్రాగి, కారం దట్టించిన చీకులు నంజుకొని, మీద బిరియాని తిని, ఐస్‌క్రీముతో ముగించి, తెల్లవారి నా దగ్గరకు వచ్చి "అవిపత్తికర చూర్ణం ఇవ్వండి, గుండెల్లో మంట" అనే యువకులకు నేను చెప్పేది ఒక్కటే. ఇన్ని పనులను చెరిపివేసే చూర్ణం ధన్వంతరి దగ్గరా లేదు.

మాంసపు జాతి సంగతి కూడా ఒక మాట. మేక, గొర్రె రెండూ మిశ్రమ ప్రదేశాలలో తిరుగుతాయి గనుక వాటిని జాంగలమనీ ఆనూపమనీ నిశ్చయించలేమని చరకుడే అన్నాడు. అయినా మేక మాంసం అతి శీతలం, అతి గురువు, అతి స్నిగ్ధం కాదని, మన శరీర ధాతువులకు సమానమైనదని మెచ్చుకున్నాడు. గొర్రె మాంసాన్ని గురువన్నాడు. ఇప్పుడు చాలా బండ్లు ధర భారం వల్ల కోడికి మారాయి. శాస్త్రం కోడిని విష్కిర జాతిలో చేర్చింది. విష్కిరమంటే నేలను కాళ్ళతో చిమ్మి, గింజలు ఏరుకొని తినేది. నలభై రోజులలో షెడ్డులో పెరిగి, మట్టి ఎరుగని బ్రాయిలరుకు ఆ గుణాలన్నీ వర్తిస్తాయని నేను హామీ ఇవ్వలేను.

కాలం విషయం. వాగ్భటుని వసంతం చైత్ర వైశాఖాలు. కాని ఆయన లెక్క మా పల్నాటికి పూర్తిగా సరిపోదు. రెంటచింతల ఎండలు పత్రికలకెక్కే సరికి మాకు వసంతం ముగిసినట్టే. కనుక కోటప్పకొండ తిరునాళ్ళ నాటి నుంచి ఉగాది దాటి పది రోజుల వరకు వసంతమని నేను లెక్కిస్తాను. హేమంత శిశిరాలలోనూ అగ్నిబలం ఉంటుంది గనుక మితంగా తినవచ్చు. మండు వేసవిలోను, పిత్తం ప్రకోపించే ఆశ్వయుజ కార్తికాలలోను మానవలెను.

తినే అలవాటున్న కుటుంబాలు ఇంట్లో చేసుకోదలిస్తే ఇలా చేయవచ్చు. లేత మేక మాంసంలో కొవ్వు పూర్తిగా తీసి, ఉసిరికాయంత ముక్కలు కోయించాలి. అల్లం, వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, పసుపు, సైంధవ లవణం, నిమ్మరసం పట్టించి రెండు గంటలు ఉంచాలి. వేసవి అయితే ఫ్రిజ్‌లోనే. ముదురు మాంసమైతే పచ్చి బొప్పాయి గుజ్జు ఒక చెంచా చేర్చాలి. బొగ్గు రాజుకున్నాక తొందరపడక, పైన తెల్లని బూడిద కట్టి మంట, పొగ రెండూ అణగేవరకు ఆగాలి. చువ్వలను నిప్పుకు జానెడు ఎత్తున ఉంచి, తిప్పుతూ, మధ్య మధ్య నెయ్యి స్వల్పంగా రాస్తూ కాల్చాలి. లోపల ఎరుపు ఉండకూడదు, పైన నలుపు రాకూడదు. నలుపు వచ్చిన అంచు కత్తిరించి పారవేయాలి. ఇంటి లోపల తలుపులు మూసి బొగ్గు వెలిగించటం ప్రాణాపాయం. పెరట్లోనో డాబా మీదనో చేయాలి. ఉల్లిపాయ, పుదీన, నిమ్మ చెక్కతో, జొన్నరొట్టెతో తిని, గోరువెచ్చని నీరు త్రాగాలి. ఆ పూట పాలు, పెరుగు వద్దు. మరునాడు మధ్యాహ్నం శొంఠి, జీలకర్ర వేసిన పలుచని మజ్జిగ మంచిది. మనిషికి ఐదారు ముక్కలు, పదిహేను రోజులకొకసారి. అంతకు మించితే ఇది మా పత్రికలో చదివామని చెప్పవద్దు!

ఆమ్లపిత్తం, రక్తమొలలు, కడుపులో పుండు, వాతరక్తం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు చీకుల జోలికి పోరాదు. గర్భిణులు సరిగా కాలని మాంసాన్ని తాకకూడదు. క్షయ రోగులు ఆహారం ఏదైనా ఆసుపత్రి మందులు ఒక్క రోజు కూడా మానరాదు.

ఇంతకూ అర్జీ సంగతి. సంతకం చేయనన్న తరువాత ఊరకే కూర్చోవటం ధర్మం కాదనిపించి, మరునాటి సాయంత్రం బండి తెరవక ముందే వెళ్ళాను. ఆ సాయిబు గారికి నా వయస్సే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా అదే మలుపు. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. మాంసానికి కొవ్వు తీయించాలని, బొగ్గు తెల్లబడేదాకా ఆగాలని, కొవ్వు చుక్కలు నిప్పుల మీద పడకుండా చువ్వలను ఎత్తుగా ఉంచి, కింద నిప్పును రెండు పక్కలకు సర్దమని వివరించాను. ఎదురింటి బిడ్డ సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. రంగు మాత్రం తాను ఎన్నడూ వాడలేదని డబ్బాలు తెరిచి చూపించాడు, నిజమే.

"బిడ్డ సంగతి తెలవదు సామీ, తెలిస్తే బండి ఆ పక్కకు తిప్పుకునేవాణ్ణే" అన్నాడు. అని కాసేపు విసనకర్ర చేతిలో తిప్పుతూ ఊరుకొన్నాడు. "అంతా బాగానే ఉంది గానీ, పొగ లేకపోతే వాసన రాదు. వాసన రాకపోతే రోడ్డు మీద పొయ్యేవాడు ఆగడు. నా బండికి బోర్డు లేదండీ, ఆ పొగే బోర్డు."

నాకు వెంటనే జవాబు తోచలేదు. భావమిశ్రుడు వండే విధానం వ్రాశాడు, అక్కడ గిరాకీ కోసం పిలవవలసిన పని లేదు. ఆ వారంలోనే అతను బండిని మలుపుకు అవతల, ఖాళీ స్థలం వైపు, గాలి వాలుకు జరుపుకున్నాడు. చువ్వల చట్రం రెండు ఇటుకల మేర పైకెత్తాడు. పొగ తగ్గింది, పూర్తిగా పోలేదు. గిరాకీ కూడా కొంత తగ్గిందని నిన్ననే చెప్పాడు. అర్జీ ఇంకా పురపాలక సంఘానికి వెళ్ళలేదు. మా పక్క వీధి పెద్దాయన బల్ల సొరుగులో ఉన్నది. ఎదురింటి తల్లి మాత్రం తన సంతకం కొట్టివేయమని అడగలేదు, నేనూ అడగమనలేదు. ఈ వేసవిలో పిల్లవాడి ఆయాసం ఎలా ఉంటుందో చూసి మాట్లాడదామని ఇద్దరం అనుకున్నాము.